ఏడు ఉపగ్రహాలు, 21 గడియారాలు: నావిక్ పనిలో అనుభవం

నావిక్ అంటే జీపీఎస్‌లా దారి చూపించే మన దేశపు ఉపగ్రహ వ్యవస్థ. ఆ పేరు అనగానే ఎవరైనా రాకెట్ గురించే అడుగుతారు. ఉపగ్రహం వైపు పనిచేసేవాళ్లకు రాకెట్ ఎగిరేది ఇరవై నిమిషాలు. దానికి ముందు ఏళ్లు, తర్వాత ఏళ్లు. ఆ ఏళ్లలో పని ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది, ఏది అనుకున్నట్టు జరగదు అన్నది వరసగా రాసి పెడితే, కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఒక్క మాట ముందే చెప్పాలి. ఏడు ఉపగ్రహాలను పైకి పంపడం ఒక ఎత్తు, వాటిలోని గడియారాలను బతికించుకోవడం ఇంకో ఎత్తు.

2006 మేలో కేంద్రం 1420 కోట్ల రూపాయలతో అనుమతి ఇచ్చింది. మొదటి ఉపగ్రహం ఎగిరింది 2013 జులై 1న. మధ్యలో ఏడేళ్లు ఏం చేశారని బయటివాళ్లు అడుగుతుంటారు. అందులో చాలా కాలం కాగితాల మీదే పోతుంది, పోవాలి కూడా. ఫ్రీక్వెన్సీలు, కక్ష్యా స్థానాలు అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘంలో నమోదు కావాలి. ఆ పక్కనే సిగ్నల్ పంపుతున్న ప్రతి దేశంతోనూ మాట్లాడుకోవాలి. ఒక ఉత్తరం, దానికి జవాబు, మళ్లీ ఒక సమావేశం. ఈ పనికి ఎవరూ చప్పట్లు కొట్టరు, కానీ ఇది తేలకపోతే యాంటెన్నా కొలతలు తేలవు.

కక్ష్యల లెక్క కూడా అప్పుడే తేలాలి. జీపీఎస్‌లా భూమంతా కవర్ చేయాలంటే కనీసం 24 ఉపగ్రహాలు కావాలి. మనకు కావలసింది దేశం, దాని చుట్టూ 1500 కిలోమీటర్లు. అందుకని దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున, ఎప్పుడూ మన వైపే ఉండేలా ఏడు చాలనుకున్నారు. ఆ ఏడింటినీ భూమధ్యరేఖ మీద బారుగా నిలబెడితే మాత్రం కుదరదు. అన్నీ ఒకే గీత మీద ఉంటే తూర్పు పడమరలు బాగానే తేలుతాయి, ఉత్తర దక్షిణాలు మాత్రం సరిగా తేలవు. కాబట్టి మూడింటిని 32.5, 83, 129.5 డిగ్రీల తూర్పు రేఖాంశాల దగ్గర, నేల నుంచి చూస్తే కదలనట్టుండే భూస్థిర కక్ష్యలో ఉంచి, నాలుగింటిని 29 డిగ్రీలు వాలిన కక్ష్యల్లో పెట్టారు. ఈ నాలుగూ 55, 111.75 డిగ్రీల దగ్గర జంటలుగా భూమధ్యరేఖను దాటుతూ రోజుకొక ఎనిమిది అంకె గీస్తాయి. జంటలో ఒకటి ఉత్తరాన ఉన్నప్పుడు రెండోది దక్షిణాన ఉంటుంది.

దీనివల్ల వాడేవాళ్లకు ఒక లాభం ఉంది. హైదరాబాద్ నుంచి చూస్తే 83 డిగ్రీల ఉపగ్రహం దాదాపు 69 డిగ్రీల ఎత్తున, నడినెత్తికి దగ్గరగా ఉంటుంది. చివరల్లో ఉన్న రెండూ కూడా 30 డిగ్రీల అటూ ఇటూగా కనిపిస్తాయి. వీధిలో ఎత్తైన భవనాలున్నా సిగ్నల్ పూర్తిగా మూసుకుపోదు.

ఇక ఉపగ్రహం. పీఎస్ఎల్‌వీ ఎక్స్ఎల్ రాకెట్ మీద వెళ్లాలి కాబట్టి బరువు 1425 కిలోల దగ్గర ఆగాలి. అందులో ఖాళీ ఉపగ్రహం 600 కిలోల పైచిలుకు, మిగతా 800 కిలోలు ఇంధనమే. అంటే నిర్మాణం, బ్యాటరీ, సౌర ఫలకాలు, 440 న్యూటన్ల పెద్ద ఇంజిన్, 12 చిన్న థ్రస్టర్లు, దారి చూపే సంకేతాలు పంపే నావిగేషన్ పేలోడ్, నేల నుంచి వచ్చిన సిగ్నల్‌ను తిరిగి పంపే సీ బ్యాండ్ ట్రాన్స్‌పాండర్, లేజర్ కొలతల కోసం పెట్టే అద్దాలు, అన్నీ ఆ 600 కిలోల్లో సర్దుకోవాలి. ఒక బ్రాకెట్ మందం పెంచాలన్నా అడగాలి. మొదట్లో ఈ గీచిగీచి ఇచ్చే తీరు విసుగనిపిస్తుంది. పైన పదేళ్లు స్థానంలో నిలబెట్టే ఇంధనం ఆ మిగిలిన కిలోల్లోంచే వస్తుందని తెలిశాక ఆ విసుగు పోతుంది.

అసలు కథ గడియారాలది. ఒక్కో ఉపగ్రహంలో మూడు రుబీడియం అణు గడియారాలు. ఏడు ఉపగ్రహాలకు 21. మొదటి వరస మొత్తానికి ఇవి ఐరోపా నుంచి వచ్చినవే. ఒక్కోటి మనిషి రెండు చేతులా పట్టుకునేంత పెట్టె. లోపల ఒక చిన్న రుబీడియం దీపం, దాని ముందు రుబీడియం ఆవిరి నింపిన గాజు గది, ఆ వెనక కాంతిని కొలిచే డిటెక్టర్. గాజు గదిలోకి 6.8347 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్ పంపుతారు. ఫ్రీక్వెన్సీ సరిగ్గా పరమాణువుకు కుదిరినప్పుడు గదిలోంచి వచ్చే కాంతి రవ్వంత తగ్గుతుంది. ఆ రవ్వంత తగ్గుదలను పట్టుకుని గడియారం తనను తాను సరిచేసుకుంటూ పోతుంది. దీపం మసకబారినా, గది వేడి కొద్దిగా మారినా, ఆ పట్టు సడలుతుంది.

పట్టు ఎంత గట్టిగా ఉండాలో చెప్తాను. కాంతి ఒక నానోసెకన్‌లో 30 సెంటీమీటర్లు పోతుంది, బడిపిల్లల పెద్ద స్కేలు పొడవు. గడియారం పది లక్షల కోట్లలో ఒక వంతు తేడా చేసినా రోజుకు దాదాపు 9 నానోసెకన్లు, అంటే రెండున్నర మీటర్లకు పైగా దూరంలో తప్పు. దీనికి తోడు ఐన్‌స్టీన్ లెక్క. ఆ ఎత్తున గురుత్వాకర్షణ తక్కువ కాబట్టి గడియారం నేల మీదకంటే వేగంగా నడుస్తుంది, కక్ష్యలో వేగం వల్ల కొంచెం నెమ్మదిస్తుంది. రెండూ పోగా రోజుకు దాదాపు 46 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది. దూరం లెక్కలో అది 14 కిలోమీటర్లు! ఇది సిద్ధాంతం అనుకుని పక్కన పెట్టేది కాదు, రోజూ లెక్కలో దిగే అంకె.

గడియారం ఇచ్చే సంకేతం నుంచి 10.23 మెగాహెర్ట్జ్ మూల ఫ్రీక్వెన్సీ తయారవుతుంది. దాన్ని 115 రెట్లు చేస్తే ఎల్5 బ్యాండ్‌లో 1176.45, 243.6 రెట్లు చేస్తే ఎస్ బ్యాండ్‌లో 2492.028 మెగాహెర్ట్జ్. రెండు ఫ్రీక్వెన్సీలు ఎందుకంటే, మన ఆకాశంలో అయనోస్ఫియర్, అంటే పైనున్న విద్యుదావేశ కణాల పొర, మహా అల్లరిది. సూర్యాస్తమయం తర్వాత కొన్ని గంటలు సిగ్నల్ మిణుకుమిణుకుమంటుంది. రెండు ఫ్రీక్వెన్సీలు వేర్వేరుగా ఆలస్యమవుతాయి కాబట్టి ఆ తేడాను బట్టి అసలు ఆలస్యం ఎంతో పట్టుకోవచ్చు. ఒకటే ఫ్రీక్వెన్సీ పట్టే రిసీవర్ల కోసం దేశం మీద 5 డిగ్రీలకొకటి చొప్పున 90 బిందువుల దగ్గర ఆలస్యం ఎంతుందో ఉపగ్రహమే తన సందేశంలో చెప్తుంది.

పరీక్షల్లో కొత్తవాళ్లను ఆశ్చర్యపరిచేది కేబుళ్లు. మామూలు కమ్యూనికేషన్ ఉపగ్రహంలో కేబుల్ మార్చితే నష్టం ఎన్ని డెసిబెల్లో చూసుకుంటే చాలు. ఇక్కడ ఒక మీటరు కేబుల్ అంటే దాదాపు 5 నానోసెకన్ల ఆలస్యం, అంటే మీటరున్నర దూరం. గడియారం నుంచి యాంటెన్నా దాకా సిగ్నల్‌కు ఎంత ఆలస్యమవుతుందో, ఎల్5కీ ఎస్‌కీ మధ్య తేడా ఎంతో ముందే కొలిచి పెట్టుకోవాలి. ఒక కనెక్టర్ విప్పి బిగించినా మళ్లీ కొలవాలి. అందుకే లెక్క ప్రకారం బిగించే టార్క్ రెంచ్ లేకుండా ఎవరూ కనెక్టర్ ముట్టుకోరు. విప్పిన ప్రతిసారీ ఎన్నోసారి విప్పారో పుస్తకంలో రాయాలి. కనెక్టర్‌కు కూడా ఆయుష్షు ఉంటుంది. ఈ పుస్తకం రాయడానికి బద్ధకించిన చోటే తర్వాత రాత్రంతా వెతుకులాట.

థర్మోవాక్ పరీక్షలో ఉపగ్రహాన్ని పెద్ద శూన్య గదిలో పెట్టి, వేడి చేస్తూ చల్లబరుస్తూ రాత్రింబవళ్లు నడుపుతారు. షిఫ్టులు మారుతుంటాయి, గది తలుపు మాత్రం తెరవరు. గడియారాలకు ఇదే అసలు పరీక్ష. గాలిలో ఉన్న గడియారం ఒక ఫ్రీక్వెన్సీ చూపిస్తుంది, శూన్యంలో ఇంకొకటి. కాబట్టి బల్ల మీద తీసిన కొలత నమ్మడానికి లేదు. ఆన్ చేసిన వెంటనే చూసినా లాభం లేదు. లోపల వేడి సర్దుకుని, గీత నిలకడగా సాగేదాకా ఆగాలి. తెర మీద ఆ గీత మెల్లగా వంగుతూ వచ్చి చదునవుతుంటే చూడటం ఈ ఉద్యోగంలో నాకు చాలా ఇష్టమైన పని. తొందరపెట్టినా అది వినదు. గడియారాలున్న పలకకు విడిగా వేడి నియంత్రణ ఉంటుంది. ఉపగ్రహం భూమి నీడలోకి వెళ్లే రోజుల్లో, మార్చి, సెప్టెంబరు చుట్టుపక్కల, నీడ 72 నిమిషాల దాకా ఉంటుంది. అప్పుడు కూడా ఆ పలక వేడి ఊగకూడదు.

కంపన పరీక్ష, శబ్ద పరీక్ష, సౌర ఫలకాలు విప్పి చూసే పరీక్ష, హీలియంతో లీకుల పరీక్ష, వీటి గురించి ఎక్కువ చెప్పను. ప్రతి ఉపగ్రహానికీ ఉండేవే. అన్నీ అయ్యాక ఉపగ్రహాన్ని శుభ్రమైన కంటైనర్‌లో పెట్టి బెంగళూరు నుంచి రోడ్డు మీద శ్రీహరికోట పంపుతారు. లోపల కుదుపులు నమోదు చేసే పరికరాలుంటాయి. బండి మెల్లగా పోతుంది. సూళ్లూరుపేట దాటి పులికాట్ మధ్యలోంచి పోయే ఆ రోడ్డు ఎక్కాక గానీ బండిలో ఉన్నవాళ్లకు నిమ్మళం ఉండదు.

శ్రీహరికోటలో మొదటి పని మళ్లీ పరీక్షలే. దారిలో ఏదీ కదల్లేదని తేల్చుకున్నాక ఇంధనం నింపాలి. మోనోమిథైల్ హైడ్రజీన్, దాన్ని మండించే నైట్రోజన్ ఆక్సైడ్ల మిశ్రమం, రెండూ ప్రాణాంతకమైన విషాలు. రెండూ కలిస్తే నిప్పు అక్కర్లేదు, వాటంతట అవే మండుతాయి. అందుకని ఒకదాన్ని ఒక రోజు, రెండోదాన్ని ఇంకో రోజు నింపుతారు. నింపేవాళ్లు ఒళ్లంతా కప్పే సూట్లు వేసుకుని, బయట నుంచి గొట్టాల్లో వచ్చే గాలి పీలుస్తారు. ఆ సమయంలో భవనంలో అవసరమున్నవాళ్లు తప్ప ఎవరూ ఉండకూడదు. గాలి ఏ దిక్కు వీస్తుందో కూడా చూసుకుంటారు. కోస్తా ఎండలో ఆ సూట్లలో గంటల తరబడి నిలబడే సాంకేతిక నిపుణుల పేర్లు ఏ పత్రికలోనూ రావు. నా దృష్టిలో ప్రయోగంలో అందరికంటే ధైర్యం కావలసిన పని వాళ్లదే.

తర్వాత ఉపగ్రహాన్ని రాకెట్ నాలుగో దశ మీద కూర్చోబెడతారు. ఎర్ర రిబ్బన్లున్న మూతలు, పిన్నులు ఒక్కొక్కటీ తీసి, లెక్కపెట్టి, సంతకం పెట్టి పెట్టెలో వేయాలి. ఉపగ్రహాన్ని కప్పే కవచం, అంటే హీట్ షీల్డ్, మూశాక ఉపగ్రహంతో మిగిలేది ఒక్క అంబిలికల్ కేబుల్. దాని ద్వారానే బ్యాటరీ చార్జింగ్, దాని ద్వారానే ఆరోగ్యం చూసుకోవడం. ఇక్కడ్నుంచి ఏది తేడా చేసినా ఖరీదు గంటల్లో కాదు, వారాల్లో ఉంటుంది.

ఇది మాటకు చెప్పింది కాదు. మొదటి ఉపగ్రహం 1ఏ ప్రయోగం రాకెట్ రెండో దశలోని ఒక ఎలక్ట్రో హైడ్రాలిక్ యాక్చుయేటర్ (కదలికను నియంత్రించే పరికరం) వల్ల వెనక్కి జరిగింది. మూడోది, 1సీ, 2014 అక్టోబరు 10 నుంచి 16కు పోయింది. నాలుగోది, 1డీ, 2015 మార్చి 9న వెళ్లాల్సింది, ఉపగ్రహం సంగతులు నేలకు పంపే ఒక టెలిమెట్రీ ట్రాన్స్‌మిటర్ తేడాగా ఉందని తేలి, మార్చి 28న వెళ్లింది.

వాయిదా పడితే మరుసటి ప్రయోగం అదే సమయానికి ఉండదు. ఈ సంగతి చాలామందికి తెలియదు. ఉపగ్రహం చేరాల్సిన కక్ష్యా తలం నక్షత్రాలతో పోలిస్తే స్థిరంగా ఉంటుంది. భూమి నక్షత్రాల లెక్కన ఒక చుట్టు తిరగడానికి 24 గంటలకు దాదాపు 4 నిమిషాలు తక్కువ పడుతుంది. కాబట్టి ఒక్క రోజు వాయిదా పడితే ముహూర్తం 4 నిమిషాలు ముందుకొస్తుంది. మార్చి 9న సాయంత్రం ఆరున్నర దాటాక ఎగరాల్సిన 1డీ, 19 రోజుల తర్వాత 5 గంటల 19 నిమిషాలకు ఎగిరింది. దీన్ని బట్టి ట్రాకింగ్ కేంద్రాల పాళీలు, గాలి అంచనాలు, ఇంధనం నింపే వేళలు అన్నీ జరగాలి. వాయిదా అంటే క్యాలెండర్‌లో తేదీ మార్చుకోవడం అనుకునేవాళ్లు ఒకసారి ఆ షెడ్యూలు చూడాలి.

1ఏ 2013 జులై 1 రాత్రి 11 గంటల 41 నిమిషాలకు బయల్దేరింది. కౌంట్‌డౌన్ అరవై నాలుగున్నర గంటలు. రాకెట్ 44 మీటర్ల ఎత్తు, 320 టన్నుల బరువు. మొదటి దశ కేసింగ్‌కు వాడే మారేజింగ్ ఉక్కు హైదరాబాద్ మిధానిలో తయారయ్యేదే. ఇరవై నిమిషాల తర్వాత ఉపగ్రహం విడిపోయింది. భూమికి దగ్గరగా 280 కిలోమీటర్లు, దూరంగా 20,600 కిలోమీటర్ల ప్రాంతంలో ఒక పొడుగాటి కక్ష్య. అందరూ చేతులు కలుపుకుంటారు. ఉపగ్రహం వాళ్లకు ఆ సంబరం అప్పుడే రాదు. సౌర ఫలకాలు విచ్చుకున్నాయా, కరెంటు అంకె పెరిగిందా అన్నది తెర మీద కనిపించేదాకా ఊపిరి బిగబట్టే ఉంటారు. ఆ రెండు ఫలకాలూ 1660 వాట్లు ఇవ్వాలి. అవి విచ్చుకోకపోతే మిగతాదంతా వృథా.

అప్పట్నుంచి పని కర్ణాటకలోని హసన్‌లో ఉన్న నియంత్రణ కేంద్రానికి మారుతుంది. మొదట కింది బిందువు దగ్గర ఇంజిన్ మండించి పై కొసను 36 వేల కిలోమీటర్లకు పెంచుతారు. తర్వాత పై బిందువు దగ్గర విడతలుగా మండించి కింది కొసను ఎత్తుతారు, వాలును కూడా అక్కడే సరిచేస్తారు. ఒక్కో విడతకూ మధ్య కక్ష్యను కొత్తగా కొలవాలి, లెక్క మళ్లీ వేయాలి. అంతా అయ్యేసరికి రెండు మూడు వారాలు. మోసుకెళ్లిన ఇంధనంలో ఎక్కువ భాగం ఇక్కడే కరిగిపోతుంది.

స్థానానికి చేరగానే సేవ మొదలవ్వదు. గడియారాలు ఆన్ చేసి స్థిరపడనివ్వాలి. బెంగళూరు దగ్గర బ్యాలాలులోని నావిగేషన్ కేంద్రం 2013 మే 28న ప్రారంభమైంది. దేశమంతటా ఉన్న పర్యవేక్షణ కేంద్రాలు ఉపగ్రహ సంకేతాలను పట్టి అక్కడికి పంపుతాయి. ఆ కేంద్రం ఉపగ్రహం ఎక్కడుంది, దాని గడియారం ఎంత తేడా చేస్తోంది అని లెక్కగట్టి, ఆ అంకెలను తిరిగి ఉపగ్రహానికి పంపుతుంది. భూస్థిర ఉపగ్రహాలతో ఒక తలనొప్పి ఉంది. నేల మీది కేంద్రానికి అవి కదిలినట్టే ఉండవు. కదలని వస్తువు విషయంలో ఉపగ్రహం స్థానంలో తప్పేదో, గడియారంలో తప్పేదో విడదీయడం కష్టం. అందుకే సీ బ్యాండ్‌లో రానూపోనూ దూరం విడిగా కొలుస్తారు. రానూపోనూ కొలతకు ఉపగ్రహ గడియారంతో పని లేదు. లేజర్ కొలతలు ఈ రెండింటినీ తనిఖీ చేస్తాయి. ఈ మూడూ ఒకదానితో ఒకటి సరిపోయిన రోజు కలిగే సంతోషం రాకెట్ ఎగిరిన రోజుకేమీ తీసిపోదు.

రిసీవర్‌కు తెలియాల్సినవి నాలుగు: మూడు దిక్కుల్లో స్థానం, తన గడియారం తప్పు. కాబట్టి నాలుగు ఉపగ్రహాలు లేనిదే నావిక్ ఒక్కటే పట్టుకుని ఎక్కడున్నామో చెప్పలేం. 2014 ఏప్రిల్ 4న 1బీ, అక్టోబరు 16న 1సీ, 2015 మార్చి 28న 1డీ. మొదటి ఉపగ్రహం వెళ్లిన ఏడాది తొమ్మిది నెలలకు నాలుగు సమకూరాయి. ఆ తర్వాత 2016లో 1ఈ జనవరి 20న, 1ఎఫ్ మార్చి 10న, 1జీ ఏప్రిల్ 28న, ఏడేసి వారాల తేడాతో వెళ్లాయి. 1జీ వెళ్లిన రోజే ప్రధాని ఈ మొత్తం వ్యవస్థకు నావిక్ అని పేరు పెట్టారు. ఆ నాలుగు నెలల్లో ఒక ఉపగ్రహం హసన్ చేతిలో, ఒకటి శ్రీహరికోటలో, ఒకటి పరీక్షల్లో. ఇల్లూ వాకిలీ గుర్తులేని కాలం అది. అయినా అంత సంతోషంగా పనిచేసిన రోజులు తక్కువ.

ఆ సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. 2016 మధ్యకల్లా 1ఏలో మూడు గడియారాలూ ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. ఈ సంగతి 2017 ఆరంభంలో అందరికీ తెలిసింది. ఐరోపా వారి గెలీలియో నావిగేషన్ ఉపగ్రహాల్లోనూ అప్పుడే గడియారాలు ఆగుతున్నాయి. గడియారం పోవడం ఎలా ఉంటుందంటే, పెద్ద చప్పుడేమీ ఉండదు. లెక్కకూ కొలతకూ మధ్య తేడా గీత చదునుగా సాగుతూ ఉన్నట్టుండి ఒక మెట్టు ఎగురుతుంది, లేదా పక్కకు జారడం మొదలెడుతుంది. రెండో గడియారానికి మారుస్తారు. మారిస్తే సంకేతం కొనసాగింపు తెగిపోతుంది, మళ్లీ లెక్కలు నిలకడ అయ్యేదాకా ఆ ఉపగ్రహాన్ని వాడొద్దని రిసీవర్లకు చెప్పాలి. మూడోదీ పోతే ఇంకేం లేదు. ఇంధనం ఉంది, బ్యాటరీ బాగుంది, ఫలకాలు బాగున్నాయి, ట్రాన్స్‌మిటర్లు బాగున్నాయి. కానీ వేళ చెప్పలేని ఉపగ్రహంతో దారి చూపించలేం. 36 వేల కిలోమీటర్ల పైన ఉన్నదాన్ని విప్పి చూడలేం. చేతులు కట్టేసినట్టుండేది ఆ రోజుల్లో. అలాంటి ఉపగ్రహం సందేశాలు పంపడానికి మాత్రం పనికొస్తుంది. తుపాను హెచ్చరికలాంటివి సముద్రం మీదున్న పడవలకు చేరవేయడానికి అణు గడియారం అక్కర్లేదు. 1ఏ అలాగే ఉపయోగపడింది.

మిగతా గడియారాలను కాపాడుకోవడానికి నడిపే పద్ధతి మార్చారు. అంతకుముందు ఒకటి పనిచేస్తుంటే ఇంకొకటి పక్కన సిద్ధంగా ఆన్‌లో ఉండేది. దాన్ని ఆపేసి ఒక్కటే నడపసాగారు. దీనివల్ల గడియారం పోతే రెండోది వేడెక్కి స్థిరపడేదాకా సేవలో ఖాళీ వస్తుంది. ఆయుష్షు కావాలా, అంతరాయం లేని సేవ కావాలా అంటే ఆయుష్షే ఎంచుకోవాల్సి వచ్చింది. అది సరైన నిర్ణయమే అని ఇప్పటికీ నమ్ముతాను.

1ఏ బదులు పంపిన 1హెచ్ 2017 ఆగస్టు 31 సాయంత్రం 7 గంటలకు బయల్దేరింది. హీట్ షీల్డ్ విడిపోలేదు. గాలి పల్చబడ్డాక మూడు నిమిషాలు దాటగానే ఊడిపోవాల్సిన ఆ కవచం టన్నుకు పైగా బరువు. ఆ అదనపు బరువు మోస్తున్న రాకెట్ వేగం తెర మీద ఉండాల్సిన గీత కంటే కిందికి కిందికి పోతూ వచ్చింది. ఇంజిన్లన్నీ బాగా పనిచేశాయి. ఉపగ్రహం నాలుగో దశ నుంచి విడిపోయింది కూడా. కానీ కవచం లోపలే విడిపోయింది, బయటికి రాలేదు. గడియారాలన్నీ పరీక్షించి, ఇంధనం నింపి, పిన్నులు లెక్కపెట్టి పంపిన ఉపగ్రహం అలా మూసిన కవచంలోనే ఉండిపోయింది. ఉపగ్రహంలో ఏ లోపమూ లేదు, అదే ఎక్కువ బాధ. ఏడున్నర నెలలకు, 2018 ఏప్రిల్ 12 తెల్లవారుజామున 4 గంటల 4 నిమిషాలకు, 1ఐ వెళ్లి ఆ చోటు నింపింది.

ఆ తర్వాత ఐదేళ్లు కొత్త నావిక్ ఉపగ్రహం వెళ్లలేదు. ఈలోగా అహ్మదాబాద్‌లోని స్పేస్ అప్లికేషన్స్ సెంటర్‌లో సొంత రుబీడియం గడియారం తయారైంది. 2023 మే 29న జీఎస్ఎల్‌వీ రాకెట్ మీద వెళ్లిన కొత్త తరం ఉపగ్రహం ఎన్‌వీఎస్-01లో అది మొదటిసారి ఎగిరింది. 2232 కిలోల ఉపగ్రహం, పన్నెండేళ్ల ఆయుష్షు, ఎల్5, ఎస్‌లతో పాటు ఎల్1 అనే మూడో ఫ్రీక్వెన్సీ కూడా. గడియారం మన దగ్గర తయారైతే వచ్చే అసలు లాభం డబ్బు కాదు. ఆగిపోయిన గడియారం లాంటిదాన్నే బల్ల మీద పెట్టి, విప్పి, ఏ భాగం ముసలిదైందో చూడగలగడం. కొనుక్కొచ్చిన పెట్టె విషయంలో ఆ వీలుండదు.

ఎన్‌వీఎస్-02 2025 జనవరి 29 ఉదయం 6 గంటల 23 నిమిషాలకు, శ్రీహరికోట నుంచి వందో ప్రయోగంగా వెళ్లింది. రాకెట్ తన పని చక్కగా చేసింది. ఫలకాలు విచ్చుకున్నాయి, కరెంటు వచ్చింది. కక్ష్య పెంచడానికి ఇంజిన్‌లోకి ఆక్సిడైజర్ (ఇంధనాన్ని మండించే ద్రవం) వదిలే వాల్వులు తెరుచుకోలేదు. ఫిబ్రవరి 2న ఈ సంగతి ప్రకటించారు. ఉపగ్రహం బతికే ఉంది, వెళ్లాల్సిన 111.75 డిగ్రీల చోటికి మాత్రం చేరలేదు. ఇరవై నిమిషాల ప్రయోగం తర్వాత కూడా పని సగమే అయిందని ఎందుకంటానో దీన్ని బట్టి తెలుస్తుంది.

వాడేవాళ్ల వైపు నుంచి ఒకటి రెండు సంగతులు. మొదటి తరం ఉపగ్రహాలు ఎల్5, ఎస్ మాత్రమే పంపేవి. ఎస్ బ్యాండ్‌కు ఫోన్‌లో విడిగా యాంటెన్నా కావాలి. పైగా అది 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి ఆనుకునే ఉంటుంది, రౌటర్ పక్కన పెట్టిన రిసీవర్‌లో రొద పెరుగుతుంది. అందుకని ఫోన్లలోకి ఎల్5 ఒక్కటే వచ్చింది, అదీ రెండు ఫ్రీక్వెన్సీలు పట్టే చిప్ ఉన్నవాటిలోనే. 2019 ఏప్రిల్ 1 నుంచి వాణిజ్య వాహనాల ట్రాకర్లకు నావిక్ తప్పనిసరి చేయడంతో చవక రిసీవర్లు మార్కెట్లోకి వచ్చాయి. ఎల్1 ఫ్రీక్వెన్సీ 1575.42 మెగాహెర్ట్జ్, అంటే చిన్న చిన్న ఫోన్లూ చేతి గడియారాలూ జీపీఎస్ కోసం ఇప్పటికే పట్టేదే. కొత్త సాఫ్ట్‌వేర్‌తో చిప్‌లు నావిక్‌ను పట్టే దారి దాంతోనే తెరుచుకుంది. ఎల్1 మొదటి ఉపగ్రహాల్లోనే ఉండాల్సిందని చాలామంది అనేవారు, నేనూ అంటాను.

ఇలాంటి సముదాయం కట్టబోయేవాళ్లకు నేను ముందుగా చెప్పేది తేదీల గురించే. మొదటి ఏడు ఉపగ్రహాలు 2013 జులై నుంచి 2016 ఏప్రిల్ దాకా, మూడేళ్లు తిరక్కుండానే వెళ్లాయి. పదీ పన్నెండేళ్ల ఆయుష్షున్న వస్తువులను మూడేళ్లలో పంపితే, అవి ముసలివయ్యేది కూడా ఆ మూడేళ్ల వ్యవధిలోనే. అప్పుడు ఒకదాని వెంట ఒకటి కొత్తవి పంపాలి, మధ్యలో ఒక కవచమో ఒక వాల్వో మొరాయిస్తే ఖాళీ పూడ్చడానికి వెనక ఇంకొకటి సిద్ధంగా ఉండాలి. కాబట్టి ఏడోది ఎగిరిన వారంలోనే ఎనిమిదోదాని గడియారాలకు ఆర్డరు పెట్టాలి. గడియారాలు చేతికొచ్చాక శూన్య గదిలో నడిపి చూడటానికే నెలలు పడతాయి. మిగతా భాగాలన్నీ ఆలోపు తయారవుతాయి.